మన డప్పుకు మైకు ఎవడు పెట్టాలె?

మిత్రులారా! వాడల్లో పాట కట్టే అన్నలారా, నాట్లేస్తూ పాట అందుకునే అక్కలారా, మెడలో డప్పేసుకుని ఊరూరూ తిరిగే తమ్ముళ్ళారా!

ఈసారి మేము భూమి గురించి రాయడం లేదు. కూలిరేట్ల గురించి రాయడం లేదు. మైకు గురించి రాస్తున్నాం. "ఉద్యమ పత్రికల మైకు ముచ్చటేందిరా, అది కరెంటు షాపోడు చెప్పాల్సిన ముచ్చట గదా" అని కొందరు నవ్వుతారు. నవ్వండి. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

పోయిన ఎండాకాలం మా దళం నాలుగు పాటలు రికార్డు చేసుకుందామని పట్నంలో ఒక స్టూడియోకు పోయింది. దాని పేరెందుకు? అట్లాంటివి వీధికొకటి ఉన్నయి. రెండు డప్పులు, ఒక పెద్ద గొంతు, నలుగురు వంత. వాడవాడ తిరిగి జమచేసిన చందా పైసలు. గంటకింత అని బేరం. తీరా డప్పులు చూడంగనే అక్కడి ఇంజనీరు మొహం మాడ్చుకున్నాడు. "ఇవి లోపలికి తేవొద్దు, మైకులు పోతయి" అన్నాడు. "చర్మం సల్లబడ్డది, బయట జర కాపుకొస్తం" అంటే, "ఇదేమన్నా చావిల్లా?" అన్నాడు. ఆఖరికి కీబోర్డు మీద ఒక మీట నొక్కి, "ఇగో మీ డప్పు, ఇది చాలు" అన్నాడు.

మేము చేతుల్లో డప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాం. వాడు మీట నొక్కి మా డప్పు మాకు వినిపిస్తున్నాడు!

అంతటితో అయిపోలేదు. పైసలు కట్టేటప్పుడు "రసీదు" అని ఒక కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏమున్నదో మేము చదవలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం. నెల తిరక్కముందే ఆ నాలుగు పాటలు "జానపదం" అన్న పేరు కింద ఎవరిదో ఛానల్లో కనబడ్డయి. పాట కట్టిందెవరు, పాడిందెవరు, ఏ ఊరు – ఒక్క ముక్క లేదు. మా పిల్లలు అదే రికార్డు మీద ఆడి వీడియో పెడితే, "ఈ పాట మీద హక్కు మాది" అని అభ్యంతరం వచ్చింది. వీడియో పోయింది. పాట మాది, గొంతు మాది, పైసలు మావి. హక్కు మాత్రం ఇంకెవరిదో!

"జానపదం" అన్న మాట వెనకున్న మాయ ఇదే. పాటకు కర్త పేరు అడిగితే జనం సొత్తు అంటారు. పాట మీద వచ్చే పైసలు అడిగితే మాత్రం అది ఒక్కని సొత్తు.

చట్టం ఏమంటున్నది?

ఈ ముక్క మన కార్యకర్తలంతా బుర్రలో పెట్టుకోవాలె. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు చేసిన పాటకు మొదటి హక్కుదారు దాని నిర్మాత. నిర్మాత అంటే ఎవరు? ఆ రికార్డింగుకు పూనుకుని, దాని బాధ్యత నెత్తినేసుకున్నవాడు. ఆ హక్కు పాట ప్రచురణ అయిన తర్వాత 60 ఏళ్ళు నడుస్తుంది. మరి వాయించినోనికి, పాడినామెకు? ఆ చట్టం వచ్చిన తర్వాత 37 ఏళ్ళ దాకా వాళ్ళకంటూ ఏ హక్కూ రాయలేదు. 1994 సవరణలో "ప్రదర్శకుల హక్కు" వచ్చింది. 2012 సవరణ దాన్ని ఇంకా గట్టి చేసింది. ఇప్పుడు మన ప్రదర్శనను మన ఒప్పుదల లేకుండా రికార్డు చేయరాదు. ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. మన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఉంది.

చట్టంలో ఇదంతా బాగానే ఉంది. కానీ ఒప్పుదల కాయితం ఎవడు రాస్తున్నాడు? మైకున్నోడు రాస్తున్నాడు. సంతకం ఎవడు పెడుతున్నాడు? మైకు లేనోడు పెడుతున్నాడు. భూమి ముచ్చటలో మనం ఏం చూసినమో ఇక్కడా అదే. పని చేసేటోడొకడు, పట్టా ఇంకొకనిది.

అందుకే మేమంటున్నాం: మన పాటను మన ఇంట్లో, మన మైకుతో, మనమే పూనుకుని రికార్డు చేసుకోవాలె. అప్పుడు నిర్మాత మనమే. ఆ తర్వాత ఎవడన్నా పాట కావాలని వస్తే, కాయితం మనం రాస్తం. సంతకం వాణ్ణి పెట్టమందాం.

చప్పుడెవరిది, నాదమెవరిది?

"డప్పుకు మైకు పెడితే మైకు పోతది" అన్న మాట వట్టి అబద్ధం. ఆ మాటలో యంత్రశాస్త్రం లేదు, కులం ఉంది. మృదంగం వాయిస్తే నాదం అట, డప్పు కొడితే చప్పుడట. మృదంగానికి బిగించిన తోలు ఎవరు ఊనినారు? ఎవరు గీరినారు? ఎవరు ఎండబెట్టినారు? 2020లో టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్ర రాస్తే, ఆవిష్కరణ సభకు ముందు చోటిస్తానన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. తోలు కావాలె. తోలు ఎక్కడిదో చెప్పొద్దు!

1920 జనవరి 31న బాబాసాహెబ్ పక్షపత్రిక పెట్టి దానికి 'మూక్‌నాయక్' అని పేరు పెట్టినాడు. నోరు లేనోళ్ళ నాయకుడు అని. మనకు నోరు లేక కాదు, నోరు నొక్కినారు గనుక ఆ పేరు. నూరేళ్ళు దాటింది. ఇప్పుడు నోరు నొక్కే పద్ధతి మారింది. "పాడండి, బాగుంది, కానీ మా స్టూడియోలో, మా మీటతో, మా కాయితం మీద" అంటున్నారు.

ఇంకో ముచ్చట చెప్పాలె. ఇది చెప్పడానికి మాకు గొంతు రావడం లేదు. మా వాడలో ఒక తాత ఉండేవాడు. పెళ్ళికొక దెబ్బ, చావుకొక దెబ్బ, పీర్లకొక దెబ్బ, బోనాలకొక దెబ్బ. ఆది దెబ్బ, గుండం దెబ్బ, ఒక్క సిర్ర దెబ్బ – మాకు పేర్లే తెలుసు, ఆయన చేతికి అన్నీ తెలుసు. "తాతా, నీ దెబ్బలన్నీ రికార్డు చేస్తం" అని మూడేళ్ళు అనుకుంటూనే ఉన్నాం. మంచి మైకు కొన్నంక చేద్దాం, స్టూడియోకు తోలుకపోదాం అనుకున్నాం. పోయిన వానాకాలం తాత పోయినాడు. మా దగ్గర మిగిలినవి సెల్‌ఫోన్లో తీసిన మూడు ముక్కలు. అవి పెడితే డప్పు వినబడదు. రేకు చిరిగినట్టు పరపర మంటది. ప్రతి దెబ్బకూ ఫోను తానే గొంతు తగ్గించుకుంటది, వెనక తాత పాడుతున్న పాట మాయమైతది. ఎందుకంటే ఫోను మాటల కోసం చేసిన వస్తువు. పెద్ద శబ్దం రాగానే దానంతట అదే తగ్గించేస్తది. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. ఒక యాప్ మార్చి, నాలుగడుగులు వెనక్కి జరిగి ఉంటే తాత చెయ్యి ఈ రోజు మనకు మిగిలేది.

అందుకే మైకు ముచ్చట చిన్న ముచ్చట కాదంటున్నాం.

రెండు తప్పుడు దారులు

మనోళ్ళలోనే రెండు వాదాలున్నయి. మొదటిది: "ముప్పై నలభై వేలు పెట్టి సినిమావాళ్ళు వాడే మైకు కొందాం, అప్పుడే లెక్కలోకొస్తం" అనేది. తమ్ముళ్ళూ, ఇది దొరగారి మీసం చూసి మీసం పెంచడం లాంటిది. చందా అంతా మైకుకు పోస్తే వైరుకు ఉండదు, స్టాండుకు ఉండదు, ఊరు తిరగడానికి బస్సు కిరాయికి ఉండదు. పైగా ఆ మైకు రేకుల గదిలో పెడితే పక్కింటి కుక్కను, ఫ్యానును, వీధిలో పోయే ట్రాక్టరును కూడా తాత డప్పంత శుభ్రంగా వినిపిస్తది.

రెండోది: "సెల్‌ఫోనున్నది, ఇంకేం కావాలె" అనేది. దాని ఫలితం ఏమైందో పైన చెప్పినాం.

నడిమి దారి ఒకటి ఉంది. దాన్ని మనకు తెరిచి పెట్టినోళ్ళలో ఒకడు మనలాంటోడే. ఆయన పేరు జేమ్స్ వెస్ట్. 1931లో అమెరికాలో వర్జీనియాలో నల్లజాతి కుటుంబంలో పుట్టినాడు. అప్పుడు అక్కడ నల్లోళ్ళకు వేరే బడి, బస్సులో వేరే సీటు. ఆ వెలివాడ నుంచి వచ్చి, 1962లో బెల్ ప్రయోగశాలల్లో గెర్హార్డ్ సెస్లర్‌తో కలిసి ఎలక్ట్రెట్ మైకును తయారుచేసినాడు. అంతకుముందు కండెన్సర్ మైకు అంటే ఖరీదు, దానికి బయటనుంచి ఎక్కువ వోల్టేజీ ఇయ్యాలె. వీళ్ళు పలుచటి ప్లాస్టిక్ పొరలో విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలిపే పద్ధతి కనుక్కున్నారు. దాంతో మైకు చిన్నదైంది, చవకైంది. టేపురికార్డర్లలో, టెలిఫోన్లలో, చెవిటి మిషన్లలో అదే. ఈరోజు మనం చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకులో కూడా అదే. మైకు దొరల వస్తువు అనేటోనికి ఈ పేరు చెప్పండి.

ఏం కొనాలె, ఏం కొనొద్దు

మైకులు ముఖ్యంగా రెండు జాతులు. డైనమిక్, కండెన్సర్.

డైనమిక్ మైకులో పొరకు తీగచుట్ట అంటించి ఉంటది, అది అయస్కాంతం నడుమ ఊగితే కరెంటు పుడుతుంది. బయటి కరెంటు అవసరం లేదు. మొరటుది, కింద పడ్డా బతుకుతది. ఎంత గట్టి దెబ్బకైనా బెదరదు. దూరపు చిన్న శబ్దాలను అంతగా పట్టదు. అంటే గచ్చు మోతను, వీధి గోలను తక్కువ పడుతుంది. కండెన్సర్ మైకు సున్నితం. మెల్లగా పాడే గొంతును, దాని ఊపిరిని కూడా పడుతుంది. కానీ దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలె, నిశ్శబ్దమైన గది కావాలె. ఆ గది మన వాడలో ఎవరికున్నది?

కనుక మా మాట సూటిగా చెబుతున్నాం: డప్పుకూ, ఎలుగెత్తి పాడే గొంతుకూ, మన ఇళ్ళలో, మొదటి మైకు డైనమిక్ మైకే కావాలె.

మొదటి మెట్టు. చేతిలో ఫోనుంది, పైసలు వెయ్యి దాటవు అంటే వైరున్న కాలర్ మైకు కొనండి. బోయా బీవై-ఎం1 లాంటివి వెయ్యి రూపాయల లోపో, అటూ ఇటూనో దొరుకుతున్నయి. వైరు ఆరు మీటర్లు ఉంటది. ముసలవ్వ పాటకు, పెద్దమనిషి చరిత్ర చెప్పించుకోవడానికి అది చాలు. డప్పుకైతే దాన్ని ఆరేడు అడుగుల దూరం పెట్టండి. ఫోనులో మామూలు రికార్డర్ వదిలేసి, శబ్దం స్థాయిని మన చేత్తో పెట్టుకోనిచ్చే యాప్ వాడండి. వేవ్ ఫైలుగా దాచండి. వాట్సాప్ వాయిస్ మెసేజీగా పంపితే అది నలిగిపోతది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

రెండో మెట్టు. ఇదే మేము ప్రతి వాడకూ చెప్పేది. ఒక డైనమిక్ మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ – మనోళ్ళు సౌండుకార్డు డబ్బా అంటరు – ఒక మూడు పిన్నుల వైరు, ఒక స్టాండు, చెవులు మూసే ఒక హెడ్‌ఫోన్. బెరింజర్ ఎక్స్‌ఎం8500 లాంటి మైకు రెండు మూడు వేలల్లో వస్తుంది. డబ్బా నాలుగైదు వేలు. మిగతావన్నీ కలిపి మరో రెండు మూడు వేలు. మొత్తం పదివేల చిల్లర. ధరలు షాపుకో తీరు, నెలకో తీరు, అడిగి చూసుకోండి. డబ్బాకు రెండు రంధ్రాలున్నయి కదా, రెండు మైకులు పడతయి అనుకోవద్దు. చవక డబ్బాల్లో చాలావాటికి ఒకటే మైకుది, రెండోది గిటారుది. రెండు మైకులు పట్టే డబ్బా కావాలంటే ఇంకో మూడు నాలుగు వేలు అవుతుంది. కంప్యూటరు ఎవరింట్లోనన్నా పాతది ఉంటే చాలు, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

కంప్యూటరు లేకుంటే చేతిలో పట్టే రికార్డర్ ఉంది. 2024లో వచ్చిన జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటివి 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తయి. స్థాయి ఎక్కువైందా తక్కువైందా అని ముందుగా మీట తిప్పే పని లేదు, తర్వాత సరిచేసుకోవచ్చు. కానీ డప్పు పక్కన ఆనించి పెడితే దాని లోపలి మైకు కూడా తట్టుకోదు. ఎడం పాటించాల్సిందే.

మూడో మెట్టు. పైసలు జమైనప్పుడు ష్యూర్ ఎస్ఎం57, ఎస్ఎం58. మొదటిది 1965లో వచ్చింది, రెండోది 1966లో. ఇప్పటికీ అమ్ముతున్నారు, ఇప్పటికీ డప్పులకూ గొంతులకూ ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక్కోటి పదివేలకు అటూ ఇటూ. అయితే వీటికి నకిలీలు ఎక్కువ. సగం ధరకిస్తామన్నోని దగ్గర కొనొద్దు.

కొనకూడనిది కూడా చెప్పాలె. రెండువేలకు "స్టూడియో సెట్టు" అని మెరిసే మైకు, మడతలు పడే చెయ్యి, నురగ టోపీ, ఫోనుకు గుచ్చే సన్న వైరు కలిపి అమ్ముతున్నారు. అది కండెన్సర్. దానికి కావాల్సిన 48 వోల్టులు ఫోను ఇయ్యలేదు. కనుక గొంతు సన్నగా వస్తది, వెనక బుస కొడతది. మా పిల్లలు రెండు కొన్నారు. రెండూ మూల పడి ఉన్నయి.

అసలు కొనేముందు ఒకసారి వాడలోనే వెతకండి. చర్చిలో మైకు లేదా? అంబేద్కర్ సంఘం ఆఫీసులో, సభలకు వాడే అహుజా సెట్టు లేదా? ఆ చేతిమైకులు చాలావరకు డైనమిక్ మైకులే. వైరు మార్పించుకుంటే డబ్బాకు తగులుతయి. ఉన్నదాన్ని ముందు వాడుకుందాం.

ఎక్కడ పెట్టాలె

మైకు ధర కంటే మైకు పెట్టే చోటు ముఖ్యం. చర్మానికి రెండడుగుల దూరంలో, చర్మం ఎత్తులోనే, నట్టనడుమకు గురి పెట్టకుండా అంచు దిక్కుకు జర వాలుగా పెట్టండి. దగ్గరికి పోయినకొద్దీ సిర్ర దెబ్బ చురుగ్గా, మోత బరువుగా వస్తది. దూరం పోయినకొద్దీ గది మోత కలుస్తది. బయట మైదానంలో దూరం రెండింతలైతే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతది, అంటే అడుగు జరిపితేనే తేడా తెలుస్తది. డప్పుకు వెనక దిక్కు తెరిచి ఉంటది కదా, బరువు మోత అక్కడ కూడా దొరుకుతుంది. ముందొకటి వెనకొకటి రెండు మైకులు పెడితే మాత్రం ఒక ట్రాకును తిప్పెయ్యాలె. ఆడాసిటీలో ఇన్వర్ట్ అని ఉంటది. ఎందుకంటే దెబ్బ పడగానే చర్మం ఒక మైకు నుంచి దూరం పోతది, ఇంకో మైకు దిక్కు వస్తది. తిప్పకపోతే ఒకదాన్నొకటి కొట్టుకుని మోత చచ్చిపోతది.

అన్నిటికంటే గట్టి దెబ్బ కొట్టించి, అప్పుడు మీట తిప్పండి. ఎర్రదీపం వెలగొద్దు. వెలిగిందంటే ఆ దెబ్బ చిరిగిపోయినట్టే, తర్వాత ఎవడూ కుట్టలేడు. మైనస్ పన్నెండు దగ్గర ఉంచితే మంచిది.

డప్పు కాపుడు మరువొద్దు. చర్మం చల్లబడితే శ్రుతి దిగుతుంది. ఒక పాట ఒకే కాపు మీద పూర్తి కావాలె. సగం పాట ఇప్పుడు, సగం పాట చల్లబడ్డంక తీస్తే రెండు ముక్కలూ అతకవు. స్టూడియోవాడు గంట లెక్క కడతడు గనుక కాపనియ్యడు. మన ఇంట్లో మన మంట, మన టైము.

గొంతుకైతే మైకుకూ నోటికీ నడుమ ఒక జానెడు. ఇంకా దగ్గరికి పోతే బొంగురు ఎక్కువైతది. ప, బ, భ అన్నప్పుడు గాలి కొట్టకుండా పాత పలుచటి గుడ్డను కుట్టుపని చట్రానికి బిగించి మధ్యలో పెట్టండి. మైకు తలకాయను పిడికిట్లో మూయొద్దు. మూస్తే గొంతు డబ్బాలో పాడినట్టు ఉంటది. వంతవాళ్ళను చంద్రవంకలాగ నిలబెట్టి, పెద్ద గొంతులను వెనక్కి, మెత్తటి గొంతులను ముందుకు జరపండి.

పాటా డప్పూ కలిసే సాగాలె, విడదీస్తే ఉసురు పోతది అనేవాళ్ళ మాట నిజమే. అట్లాంటప్పుడు గొంతు మైకు వీపు డప్పు దిక్కుకు ఉండేటట్టు నిలబెట్టండి. ఒకదిక్కు మైకులు ముందు శబ్దాన్ని పడతయి, వెనకదాన్ని వదిలేస్తయి. గొంతుకు మైకు ఒక జానెడుంటే, రెండు మైకుల నడుమ ఎడం కనీసం మూడు జానలుండాలె.

గది ముచ్చట. నాలుగు గచ్చుగోడలు, పైన రేకులు ఉంటే మోత గింగిరాలు తిరుగుతుంది. గోడకు నాలుగంగుళాల ఎడంతో దండెం కట్టి బొంతలు వేలాడదీయండి. వడ్ల బస్తాలు, పత్తి మూటలు ఉన్న గది ఇంకా మేలు. గడ్డికప్పు గుడిసె మిగిలి ఉంటే అదే మేలైన స్టూడియో, గడ్డి మోతను తాగుతది. వెలివాడ గుడిసె అని ఎక్కిరించినోళ్ళకు ఈ ముచ్చట చెప్పండి. బొంతలు గింగురును తగ్గిస్తయి గాని పక్కింటికి పోయే శబ్దాన్ని ఆపవు. పసిపిల్లలున్న ఇంటివాళ్ళను ముందే అడగండి.

మనలోని దొరతనం

ఒక మాట మనల్ని మనమే అనుకోవాలె. ప్రతిసారీ మైకు స్టాండు మగవాడి నోటి ఎత్తుకు ఎందుకుంటది? నాట్లప్పుడు నూరు పాటలు పాడే అక్క, రికార్డింగు రోజు వంటకాడ ఎందుకుంటది? మా దళంలో ఇదే జరిగింది. నాలుగు పాటల్లో మూడు కట్టింది ఆడవాళ్ళు, పెద్ద గొంతుగా నిలబడ్డది మగవాడు. స్టూడియోవాడు మా పేరు తీసేసినందుకు మండిపడ్డ మేము, మా అక్కల పేర్లు మేమే తీసేసినాం. స్టాండు కిందికి దించాలె. ముందు మన కళ్ళు దించాలె.

ఇక "డప్పెందుకు, అది వెట్టి గుర్తు, వదిలెయ్యాలె" అనే అన్నలకు జవాబు. మీ కోపం మాకూ ఉంది. దొర చావుకు ఉత్తపుణ్యానికి కొట్టిన చేతుల నొప్పి మా ఇళ్ళల్లోనూ ఉంది. ఆ వెట్టి డప్పును వదిలేద్దాం, వదిలేసినాం. కానీ 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకున్నది ఎందుకు? మన పిలుపుకు మన డప్పే సాక్ష్యం గనుక. కొట్టమని చెప్పేటోడు మారితే డప్పు అర్థమే మారుతది. రికార్డు చేసేటోడు మారినా అంతే.

"యంత్రం పెడితే పల్లె కళ చెడిపోతది" అనే పెద్దమనుషులకు కూడా ఒక మాట. వాళ్ళ సంగీతం గ్రామఫోను కాలం నుంచి రికార్డయి భద్రంగా ఉంది. మనది మాత్రం గాలికి పుట్టి గాలిలో కలవాలె, అది స్వచ్ఛత! మా తాత దెబ్బలు అట్లనే కలిసిపోయినయి. ఇంక చాలు.

చెయ్యాల్సిన పని

రెండు మూడు వాడలు కలిసి ఒక సెట్టు కొనండి. ఇంటికి నూరు రూపాయలేసుకుంటే నూరిళ్ళకు పదివేలు. సెట్టు ఏ నాయకుని ఇంట్లోనూ ఉండొద్దు, సంఘం ఆఫీసులో లెక్కపుస్తకంతో ఉండాలె. ఒక ఆడపిల్లకూ ఒక మగపిల్లవానికీ సమానంగా పని నేర్పండి.

మొదటి నెల పాటల ఆల్బం పెట్టుకోవద్దు. అరవై దాటిన డప్పుగాళ్ళ, పాటగత్తెల లిస్టు రాయండి. వాళ్ళ ఇంటికే సెట్టు మోసుకపోండి. ఒప్పుకుంటేనే తీయండి. ప్రతి రికార్డు మొదట్లో ఊరు, తేదీ, వాయించేదెవరు, పాట కట్టిందెవరు అని గొంతుతో చెప్పించండి. అదే రేపటికి సాక్ష్యం. అసలు ఫైలును కొయ్యకుండా, నొక్కకుండా రెండు చోట్ల దాచండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ లెక్కన ఒక్క మైకు రికార్డు నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే; ఒక చిన్న పెన్‌డ్రైవులో ఒక ఊరి పాటంతా పడుతుంది.

చదవకుండా ఏ కాయితం మీదా సంతకం పెట్టొద్దు. "రసీదు" అన్నా పెట్టొద్దు. మాకు జరిగింది మీకు జరగొద్దు.

అన్నలారా, అక్కలారా! మీ వాడలోనూ ఒక తాత ఉంటడు. ఈ పత్రిక మడిచి పక్కన పెట్టి, ఆయన ఎట్లున్నడో పోయి చూసి రండి. ఆరోగ్యంగా ఉంటే ఈ ఆదివారమే పోండి. మంచి మైకు వచ్చేదాకా ఆగొద్దు. ఉన్న మైకుతో, నాలుగడుగులు వెనక్కి జరిగి, మొదలుపెట్టండి.

మన డప్పుకు మన మైకు!
మన పాటకు మన పేరు!
జై భీం!